కుడి తలుపు స్పీకరు

మార్చి 3

సిరియా నాతో మాట్లాడటం మానేసింది. ఎందుకని అడగలేదు. అడిగితే చెప్పాలి, చెప్పాలంటే మాట్లాడాలి, మాట్లాడితే పంతం చెడుతుంది. పెళ్ళాం పంతం చెడగొట్టిన పాపం నాకెందుకు.

ఈ డైరీ నేను రిటైరైన రోజున డిపోలో ఇచ్చారు. ముప్పై ఏళ్ళు బస్సు తోలినవాడికి డైరీ ఎందుకో ఇచ్చినవాళ్ళకే తెలియాలి. ఇన్నాళ్ళూ బీరువా మీద దుమ్ము తింది. సంవత్సరం పాతది, రోజులు కలవవు. అయినా తీశాను. ఇంట్లో మాట్లాడే మనిషి లేనప్పుడు కాగితంతోనైనా మాట్లాడుకోవాలి కదా.

సాయంత్రం ఎప్పటిలాగే వరండాలో కూర్చున్నాం. నా కుర్చీ అరుగు చివర, ఆమె కుర్చీ నాకు కుడిపక్కన, వంటింటి గుమ్మం దగ్గర. ఈ ఇంట్లోకి వచ్చిన రోజున ఎక్కడ వేసుకున్నామో ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. బెల్లం ముక్క కొరుక్కుంటూ పాలులేని టీ తాగాం. నేను రోడ్డు చూశాను. ఆమె రోడ్డు చూసింది. ఒక్క మాట లేదు. టీ అయ్యాక కప్పులు తీసుకుని విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

నేనేం చేశానని? తాగుడు లేదు, పేకాట లేదు. పింఛను తెచ్చి ఆమె చేతిలోనే పెడుతున్నాను. మాకు పిల్లలు లేరు. ఆమె మాట్లాడకపోతే ఇక మిగిలింది గోడమీది బల్లి. ఆ బల్లి కూడా ఈమధ్య పలకడం మానేసింది.

మార్చి 5

ఇవాళ వింత జరిగింది. కారులో కేగల్ల సంతకి వెళ్ళాం. గేటు దాటామో లేదో సిరియా నోరు విప్పింది. పక్కింటి మేక మా అరటిపిలక తినేసిందట. దానికి మేక యజమాని మనదే తప్పన్నట్టు చూశాడట. కొబ్బరికాయలు దింపేవాడు ఈసారి రాలేదట. గుళ్ళో కొత్త సాధువుకి దగ్గు తగ్గడం లేదట, అల్లం కషాయం పంపిందట. సంత వచ్చేదాకా చెబుతూనే ఉంది. తిరుగు ప్రయాణంలోనూ అంతే. మధ్యలో నవ్వింది కూడా. ఎన్నాళ్ళైంది ఆ నవ్వు విని.

ఇంటికొచ్చాం. సంచులు దింపాం. వరండాలో కూర్చున్నాం. నోటికి తాళం.

మార్చి 6

ఇవాళా అంతే. టీ, రోడ్డు, కప్పులు, లోపలికి.

మార్చి 9

మూడు రోజులు ఆలోచించి ఒక సంగతి కనిపెట్టాను. సిరియా అలిగింది నామీద కాదు, ఇంటిమీద. నేను డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ తన ఇల్లు తనది. ఇప్పుడు పొద్దస్తమానం నేను అడ్డంగా కూర్చున్నాను. ఇంట్లో ఉంటే ఆమెకి ఊపిరాడదు, కారెక్కితే ప్రాణం లేచొస్తుంది. కనుక చేయాల్సింది ఒక్కటే. కారుని బాగుచేయాలి. ఎక్కాలనిపించేలా చేయాలి. అప్పుడు రోజూ ఏదో వంకన తిప్పొచ్చు, రోజూ మాట్లాడుతుంది.

మా సన్నీ కారుకి ఒంట్లో ఏ జబ్బూ లేదు. జపాన్‌లో ఎవరో వాడి వదిలేస్తే ఓడెక్కి వచ్చింది. రిటైరైన డబ్బుతో కొన్నాను. అద్దెకి తిప్పుతున్నాను. లోపమల్లా రేడియో. జపాన్ స్టేషన్లు తొంభై లోపలే ఉంటాయట, అందుకని దాని ముల్లు తొంభై దగ్గరే ఆగిపోతుంది. మన స్టేషన్లన్నీ ఆ పైన. దొరికేది ఒక్కటి, అందులో పొద్దున్నా సాయంత్రమూ ధర్మోపదేశమే. ఉపదేశం మంచిదే. కానీ అలిగిన పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని తృష్ణ వదలండి అని వింటుంటే ఏం బాగుంటుంది.

సిరియాకి మధ్యాహ్నం పూట వచ్చే పాత పాటల కార్యక్రమం ప్రాణం. కాబట్టి కొత్త సెట్టు వేయించాలి.

మార్చి 11

మావనెల్ల రోడ్డులో వంతెన దాటాక లలంత బాస్ కొట్టు. చేతిపని వచ్చినవాళ్ళని మా వైపు బాస్ అనే పిలుస్తాం. కార్లకి రేడియోలు, హారన్లు, లైట్లు బిగిస్తాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. నోట్లో తాంబూలం, నోటినిండా ఎకసెక్కాలు. పాత రేడియో చూసి, "మామా, ఇది జపాన్ పిల్ల. దీనికి మన పాటలు ఎక్కవు," అన్నాడు. కొత్తది వేద్దాం, ముందు తలుపులకి రెండు స్పీకర్లు పెడదాం, కుర్రాళ్ళ కారులా చేద్దాం అన్నాడు. కుర్రాళ్ళ కారు వద్దు, పెళ్ళైనవాడి కారు చాలన్నాను. ఏప్రిల్‌లో కొత్త సంవత్సరం పండగ, ఆలోగా అందరూ బిగించమని ఎగబడుతున్నారు, నెలాఖరుకి రమ్మన్నాడు.

మార్చి 14

ఇవాళ ఒక లారీవాడు చంపబోయాడు. కుడివైపు నుంచి దూసుకొచ్చాడు, హారన్ కొట్టలేదు, ఏమీ లేదు. అద్దంలో చూసి చివరి క్షణంలో పక్కకి తిప్పాను. వెనక కూర్చున్న బ్యాంకు ఆవిడ, వాడు వంపు దగ్గర్నుంచీ కొడుతూనే ఉన్నాడు అంకుల్, అంది. చదువుకున్నవాళ్ళు ఎప్పుడూ పెద్ద బండి పక్షమే. ముప్పై ఏళ్ళు తోలాను, హారన్ వినపడకపోవడానికి నేనేమన్నా చెవిటివాడినా.

ఈ కొత్త లారీల ఇంజన్లకి చప్పుడు ఉండటం లేదు. ప్రభుత్వం ఏదో ఒకటి చేయాలి.

మార్చి 17

మధ్యాహ్నం బదుల్ల నుంచి మరదలు ప్రేమవతి ఫోన్ చేసింది. సిరియా పెరట్లో ఉంది, నేనే తీశాను. క్షేమసమాచారాలయ్యాక, "బావా, అక్క కొత్త సంవత్సరం దాటగానే నా దగ్గరికి వచ్చేస్తానంది. పెద్ద గది ఖాళీ చేయించాను. మీరు ఒంటరిగా ఉండగలరా మరి?" అంది.

ఎన్నాళ్ళుండటానికి వస్తోందని అడిగాను. ఉండిపోవడానికే కదా బావా, మీరు సరేనన్నారని చెప్పిందే, అంది.

నేను సరేనన్నానట. ఎప్పుడన్నాను? నన్నెవరడిగారు? ఫోన్ పెట్టేసి పెరట్లోకి వెళ్ళాను. సిరియా బట్టలు ఆరేస్తోంది. ఆమె వీపు చూస్తూ కాసేపు నిలబడి వచ్చేశాను. అడగలేదు. అడిగితే ఔనంటుంది. ఔనన్నాక ఇక ఏం మిగులుతుంది?

ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం చేసి, నాతో చెప్పకుండా, నేను ఒప్పుకున్నానని ఊరంతా చెప్పుకుని వెళ్ళిపోతుందట. ఇంతకన్నా తిట్టినా బాగుండేది.

మార్చి 18

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

మార్చి 19

లలంత దగ్గరికి వెళ్ళి నెలాఖరు కుదరదన్నాను. ఈ వారమే కావాలన్నాను. ఎందుకు మామా అంత తొందర, పెళ్ళా అన్నాడు. పెళ్ళి కాదురా నాయనా, అయిన పెళ్ళి నిలబెట్టుకోవడం అని లోపల అనుకున్నాను. పైకి పండగ అద్దెలున్నాయని చెప్పాను.

మార్చి 23

బిగించేశాడు. రోజంతా అక్కడే స్టూలు మీద కూర్చుని చూశాను.

చిన్న చెక్క ముక్కతో మెల్లగా నొక్కి డాష్‌బోర్డు చట్రం ఊడదీశాడు. ఇనుము వాడితే పాత ప్లాస్టిక్ విరుగుతుందట. వెనక తీగల గూడు. జపాన్‌వాడి తీగల రంగులు వేరు, మన సెట్టు రంగులు వేరు. మధ్యలో ఎవడో అసలు ప్లగ్గు కోసేసి తీగలు మెలిపెట్టి వదిలేశాడు. లలంత వాడి వంశాన్నంతా తలుచుకుంటూ ఒక్కో తీగా చిన్న బల్బు ఆనించి పరీక్షించాడు. పసుపు తీగ మాత్రం తాళం తీసినా కరెంటు ఉండే చోట కలిపాడు. లేకపోతే బండి ఆపినప్పుడల్లా సెట్టు స్టేషన్లన్నీ మరిచిపోతుందట. పాతదాని కన్నా కొత్త సెట్టు సన్నం, పక్కన సందు మిగిలితే నల్లరేకు కోసి, ఆకురాయి పట్టి, అచ్చం కంపెనీదిలా మూశాడు. తలుపుల అట్టలు విప్పి స్పీకర్లు కూర్చోబెట్టాడు. పని చేసేటప్పుడు ఎకసెక్కం ఆడడు, అది మెచ్చుకోవాలి.

నీలం లైటు వెలిగింది. పాట మొదలైంది. ఒళ్ళు పులకరించింది.

కానీ కుడి తలుపు స్పీకరు పలకడం లేదు. పాటంతా ఎడమ తలుపులోంచే వస్తోంది. చెప్పాను. అతను వంగి విని, వస్తోందిగా అన్నాడు. సరే, కొత్త కదా, సర్దుకుంటుందేమో.

మార్చి 25

సిరియాని ఎక్కించుకుని గుడిదాకా వెళ్ళాను. సెట్టు చూసి కళ్ళు పెద్దవి చేసింది. "ఇదెప్పుడు పెట్టించారు?" అంది. నీ పాటల కోసమే అందామనుకున్నాను, నోరు రాలేదు. పాతది పాడైందన్నాను.

కుడిది పలకడం లేదు కదా, కొంచెం పెద్దది చేశాను. సిరియా చెవులు మూసుకుని, రోడ్డున పోయేవాళ్ళు చూస్తున్నారు, తగ్గించండి అంది. రెండు స్పీకర్లు పలికితే ఇంత పెంచాల్సిన పనేముంది.

మార్చి 28

మళ్ళీ లలంత. తలుపు అట్ట విప్పి తీగలు అటుదిటు ఇటుదటు మార్చి చూశాడు. మార్పు లేదు. అతను మాత్రం రెండూ గంటల్లా మోగుతున్నాయంటాడు. ఇతనికి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

ఏప్రిల్ 2

కొత్త స్పీకరు తీసుకొచ్చి మార్చాడు. డబ్బు అడగలేదు. బిగించాక నన్ను కూర్చోమన్నాడు. అదే తంతు. కుడిది చచ్చింది అన్నాను. అతను తాంబూలం ఉమ్మి వచ్చి, "మామా, నా చెవులైతే బాగానే ఉన్నాయి," అన్నాడు.

ఏమిటా మాట? నావి బాగా లేవనా? నువ్వు లాగూలు తొడిగే రోజుల నుంచి నేను ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పేవాడిని అన్నాను. పక్క కొట్టువాళ్ళు వచ్చి చూశారు. కోపంగా బండి తీసుకొచ్చేశాను. దారిలో ఎవరో మోటారు సైకిలువాడు కుడిపక్కనుంచి వచ్చి అద్దం మీద కొట్టి ఏదో తిట్టిపోయాడు. ఏం తిట్టాడో తెలియలేదు.

ఏప్రిల్ 5

సిరియా అటక మీది సంచీ దింపింది. ఉన్ని స్వెటరు ఎండలో వేసింది. మా ఊళ్ళో స్వెటరు ఎవరు వేసుకుంటారు? బదుల్లలో చలి.

పురుగు పట్టకుండా వేసి ఉంటుంది. ఏటా వేస్తుందేమో, నేను గమనించి ఉండను.

ఏప్రిల్ 8

నా చేతులతో నేనే చెడగొట్టుకున్నాను.

ఇవాళ పిండి పట్టించడానికి వెళ్ళాం. దారిపొడవునా పాటలు. సిరియా ఒక పాటకి గొంతు కలిపింది, సన్నగా. నాకు ఎంత బాగుందో. కానీ ఒక్క మాట మాట్లాడలేదు. మేక సంగతి లేదు, సాధువు దగ్గు సంగతి లేదు. నేను సెట్టు పెద్దగా పెడతాను, ఆమె పాట మీదుగా అరవలేదు. మాట్లాడే చోటు ఒక్కటుండేది, అందులో పాటలు నింపాను. తగ్గిద్దామంటే నాకేమో కుడిది పలకక సగం పాటే వినపడుతోంది.

దీనికంతటికీ ఆ కుడి స్పీకరే మూలం. పండగలోగా అది బాగుపడితే సన్నగా పెట్టుకోవచ్చు. సన్నగా పెడితే ఆమె మాట్లాడుతుంది. మాట్లాడితే ఆ మాటల్లో బదుల్ల మాట కూడా వస్తుంది. వస్తే అప్పుడు వెళ్ళొద్దని అంటాను. కారులో అయితే అనగలను, రోడ్డు మీదే చూపు పెట్టుకుని అనేయొచ్చు.

ఏప్రిల్ 10

గుడి నుంచి కొత్త ఏటి పంచాంగం వచ్చింది. పద్దెనిమిదో తేదీ పొద్దున ప్రయాణాలకి మంచి ఘడియ. సిరియా ఆ వరస మీద గోటితో గీత పెట్టింది. నేను చూడలేదనుకుంది.

ఏప్రిల్ 13

ఇది నెమ్మదిగా రాయాలి.

పాత ఏడు పోయి కొత్త ఏడు వచ్చే మధ్య గంటలు ఈసారి మధ్యాహ్నం నుంచే మొదలు. ఆ గంటల్లో పొయ్యి వెలిగించకూడదు, తినకూడదు, పనిముట్టు ముట్టకూడదు. గుడికి వెళ్ళొచ్చు, ఆటలాడుకోవచ్చు, అంతే. ఆలోగా ఎలాగైనా అని పొద్దున్నే లలంత కొట్టుకి పరిగెత్తాను. ముందర నలుగురున్నారు. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. నన్ను చూసి దండం పెట్టాడు. ఇదే ఆఖరుసారి బాస్, బాగు చెయ్యి, నా కాపురం దీనిమీద ఉంది అన్నాను. నోరు జారింది. అతను ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, ఏమీ అనకుండా స్క్రూడ్రైవర్ తీసుకుని కుడి తలుపు తీశాడు.

మొదటి మర తిప్పబోతుండగా గుడి గంట మోగింది. బజారంతా టపాకాయలు. లలంత స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు.

"అయిపోయింది మామా. ఇప్పుడు ముట్టుకున్నానంటే ఏడాదంతా నాకు ఇదే పని. రోజూ మీరు రావడం, నేను ఈ తలుపు విప్పడం."

బతిమాలాను. తల అడ్డంగా ఊపాడు. నేను ఆ స్టూలు మీదే కూలబడ్డాను. ఏం చూశాడో నాలో, వెళ్ళిపోకుండా చేతులు రెండూ వెనక్కి కట్టుకుని వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. పని చేయకూడదు గానీ ఆట ఆడొచ్చు కదా, రండి మామా అన్నాడు.

కారు తలుపులు రెండూ బార్లా తెరవమన్నాడు. తెరిచాను. సెట్టు నన్నే పెట్టమన్నాడు. పెట్టాను. ఇప్పుడు వెళ్ళి బండి ముందు, బానెట్టుకి ఎదురుగా, బండి మొహంలోకి చూస్తూ నిలబడమన్నాడు. పిచ్చివాడిలా నిలబడ్డాను. ఏ స్పీకరు పలుకుతోందని అడిగాడు.

నాకు ఆశ్చర్యమేసింది. డ్రైవరు తలుపుదే పలుకుతోంది. ఇన్నాళ్ళూ చచ్చిపడి ఉన్న కుడి తలుపు స్పీకరు చక్కగా పాడుతోంది. రెండోదే పోయింది. ముట్టుకోకుండానే బాగుచేశావే, కానీ ఇప్పుడు ఎడమది చెడింది చూడు అన్నాను.

"నేనేం చేయలేదు మామా. చేతులు ఇదిగో," అన్నాడు. "ఇప్పుడు వెనక్కి తిరిగి నిలబడండి."

బండికి వీపు పెట్టి రోడ్డువైపు తిరిగాను. డ్రైవరు తలుపు మళ్ళీ చచ్చింది. అవతలిది లేచింది.

మళ్ళీ తిరిగాను. మళ్ళీ మారింది. నేను తిరిగినప్పుడల్లా చావు అటు నుంచి ఇటు వస్తోంది. తలుపులు కదలడం లేదు, తీగలు కదలడం లేదు, కదులుతున్నది నేను ఒక్కడినే. అప్పుడు నా కుడిచెయ్యి దానంతటదే లేచి కుడి చెవి మీదికి వెళ్ళింది. గట్టిగా మూశాను. ఏమీ మారలేదు. మూసినా తీసినా ఒకటే. ఎడమది మూశాను. పాట ఎక్కడో పొరుగూరికి వెళ్ళిపోయింది.

ఎప్పుడొచ్చాడో, లలంత నా కుడిపక్కనే నిలబడి ఉన్నాడు. చుట్టూ నడిచి ఎడమవైపుకి వచ్చాడు. ఎకసెక్కం లేదు మొహంలో.

"అటు నిలబడి మూడుసార్లు పిలిచాను మామా. పేరు పెట్టి కూడా పిలిచాను. బస్సు డ్రైవర్లకి ఇది మామూలే. మా నాన్న కూడా బస్సే తోలాడు. కిటికీవైపు చెవి అలాగే పోయింది."

నా బుర్రలో ఒక్కటే తిరుగుతోంది. కారులో సిరియా నాకు ఎడమపక్కన కూర్చుంటుంది. వరండాలో కుడిపక్కన.

ఇంటికి తోలుకొచ్చాను. సెట్టు ఆపేశాను. వంపుల దగ్గర అద్దం చూసి, తల తిప్పి చూసి, నెమ్మదిగా.

సిరియా పొయ్యి ఆర్పి, బూడిద ఎత్తి, వంటిల్లు కడిగేసి లోపల ఏదో సర్దుకుంటోంది. పండక్కి చేసిన పిండివంటలు, కవుంలు, కొకిస్‌లు, బల్ల మీద మూతలు పెట్టి ఉన్నాయి. నేను తిన్నగా వరండాలోకి వెళ్ళి ఆమె కుర్చీలో కూర్చున్నాను.

కాసేపటికి వచ్చింది. టీ పెట్టకూడని రోజు, చేతులు ఖాళీగా ఉన్నాయి. గుమ్మంలో ఆగి నన్ను చూసింది. ఏదో అంది. అప్పుడు నాకు కుడివైపున ఉంది, వినపడలేదు. పెదవులు కదలడం మాత్రం చూశాను. ఇన్నాళ్ళూ చూడలేదేమిటి? చూస్తే కదా. నేను రోడ్డు చూస్తూ కూర్చునేవాడిని. ఇవాళ కదలకుండా కూర్చునేసరికి, చేసేదిలేక నా కుర్చీలోకి వెళ్ళి కూర్చుంది. నా ఎడమపక్కకి.

నేను రోడ్డు వైపే చూస్తున్నాను. ఆమె కూడా రోడ్డు వైపే చూస్తోంది. అలా చూస్తూనే మాట్లాడటం మొదలుపెట్టింది. చిన్న గొంతుతో, ఎవరూ వినడం లేదని తెలిసినవాళ్ళు మాట్లాడుకున్నట్టు.

పనస ఈసారి విరగకాసిందట. కవుంలకి ఈసారి తేనెపాకం ముదిరిందట. ఎదురింటి పిల్ల పరీక్ష పాసైందట, మనం చూడటానికి వెళ్ళలేదట. నిన్న రాత్రి నేను దగ్గానట. తను వెళ్ళాక ఆంథూరియం కుండీలకి నీళ్ళు ఎవరు పోస్తారో, నాకైతే గుర్తుండదట. బియ్యం డబ్బాలో ఎండుమిరపకాయలు వేసి పెట్టిందట, పురుగు పట్టదట.

ఆమె మానేయలేదు. ఒక్కరోజు కూడా మానేయలేదు. నా పక్కన కూర్చుని రోజూ మాట్లాడుతూనే ఉంది. మానేసింది నేను.

ఏడుపు ఆగలేదు. ముసలి డ్రైవరు వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఏం బాగుంటుంది, అయినా ఏడ్చాను. సిరియా కంగారుగా లేచింది. ఏమైందండీ, ఎవరన్నా పోయారా అంది. ఎవరూ పోలేదు, చెవి పోయింది అన్నాను. లలంత కొట్టు దగ్గర జరిగిందంతా చెప్పాను. నమ్మలేదు. నా కుడివైపుకి వెళ్ళి ఏదో గుసగుసలాడింది, ఎడమవైపుకి వచ్చి నా మొహంలోకి చూసింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. మూడోసారి అలాగే నిలబడిపోయింది.

"ఎన్ని తిట్లు తిట్టానో ఇక్కడ కూర్చుని," అంది చివరికి. "ఉలకరు పలకరు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటారు. నేనంటే విసుగొచ్చిందనుకున్నాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఏదో గడిచిపోయింది, ఇప్పుడు పొద్దంతా నా మొహమే చూడాలంటే కష్టమైపోయిందనుకున్నాను."

కారులో బాగానే మాట్లాడేవాడిని కదా అన్నాను.

"అవును. అద్దెకెక్కినవాళ్ళతో కూడా బాగానే మాట్లాడతారుగా. నేనూ వాళ్ళలో ఒకదాన్నే అనుకున్నాను."

బదుల్ల సంగతి అడిగాను. నేను ఎప్పుడు సరేనన్నానని. ఆమె కాసేపు చీరకొంగు సర్దుకుంది. తరవాత చెప్పింది. జనవరిలో పొంగల్ సెలవు రోజున, ఇదే వరండాలో అడిగిందట, నేను ప్రేమవతి దగ్గరికి వెళ్ళిపోనా అని. నేను పేపరు తిప్పుకున్నానట. మర్నాడు మళ్ళీ అడిగిందట. ఆ వారంలోనే ఇంకోసారి అడిగితే, ఊఁ అని తలాడించానట. ఏ వార్తకి తలాడించానో నాకు గుర్తేదీ.

నిజంగా వెళ్ళాలనుందా నీకు అన్నాను.

"ఆ చలిలోకి ఎవరు వెళతారండీ," అంది. "వద్దంటారేమోనని అడిగాను."

ఎక్కడో పిల్లలు పండగ ఉయ్యాల ఊగుతూ పాడుతున్నారు. ఎడమ చెవిలోనే వినపడింది, అది చాలు. ఎక్కడా పొయ్యి వెలగలేదు, ఊరంతా పొగ లేకుండా ఉంది. చేయడానికి ఎవరికీ ఏ పనీ లేదు.

వద్దు, వెళ్ళొద్దు అన్నాను.

సిరియా రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. పెదవి కొస మీద చిన్న నవ్వు.

"ఏమన్నారు? నాకు సరిగ్గా వినపడలేదు," అంది.

మళ్ళీ చెప్పాను, ముప్పై ఏళ్ళు బస్సులో జనాన్ని వెనక్కి జరగమని అరిచిన గొంతుతో చెప్పాను. ఎదురింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చి చూశారు. చూడనీ.